గంటసేపు కదలని దేవుడు

2024 జూన్‌లో 'గాడ్జిల్లా మైనస్ వన్' నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక మా ఆఫీసులో ఓ వారం రోజులు టీ దగ్గర అదే మాట. "మొదటిసారి ఒక మాన్‌స్టర్ సినిమాలో మనుషుల కథ కూడా బాగుంది" అని ఒకరు. "పాతకాలంలో పెట్టడం భలే ఐడియా, ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు" అని ఇంకొకరు. సినిమా మంచిదే, కాదనను. నేనూ రెండుసార్లు చూశాను. ఆ ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ దానికి వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరికో ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాను. కానీ ఆ "మొదటిసారి" దగ్గర, ఆ "ఎవరికీ తట్టలేదు" దగ్గర మాత్రం నాకు ఒళ్ళు మండింది.

తట్టింది. 1966లోనే తట్టింది. ఒకసారి కాదు, ఒకే సంవత్సరంలో మూడుసార్లు. దైఎయ్ అనే స్టూడియో ఆ ఏడాది ఏప్రిల్‌లో 'దైమాజిన్' విడుదల చేసింది, ఆగస్టులో రెండోది, డిసెంబరులో మూడోది. మూడూ జపాన్ అంతర్యుద్ధాల కాలంలో, అంటే దొరలు ఒకరి కోటని ఒకరు కాజేసుకుంటూ బతికిన కాలంలో జరిగే కథలు. ప్రతి కథలోనూ కొండ మీదో, దీవి మీదో ఒక రాతి విగ్రహం ఉంటుంది. కింద దుర్మార్గుడైన దొర, అతని కింద నలిగిపోయే జనం. చివరికి ఆ రాయి లేస్తుంది. అంతే కథ.

ఈ మూడు సినిమాల గురించి చెబితే కైజు అభిమానులు కూడా (జపాన్ వాళ్ళు భారీ వింతజంతువుని కైజు అంటారు) ఒకరకంగా నవ్వుతారు. "అది సగం సమురాయ్ సినిమా కదా, రాక్షసుడు చివర్లో ఎప్పుడో వస్తాడు" అంటారు. అటు కురొసావా, మిజొగూచి అభిమానులని అడిగితే "అది పిల్లల రబ్బరు బొమ్మల సినిమా కదా" అంటారు. రెండు పక్కలా చుట్టరికం ఉండి కూడా పెళ్ళిపిలుపు అందని ఇల్లు అది. నా ఉద్దేశంలో ఈ రెండు వర్గాల వాళ్ళూ తప్పే. పైగా ఒకే తప్పు చేస్తున్నారు.

ముందు ఆ పేరు సంగతి. 'దై' అంటే పెద్ద. 'మా' అంటే దయ్యం, కీడు చేసేది. 'జిన్' అంటే ఇక్కడ దేవుడు. దయ్యం, దేవుడు ఒకే మాటలో, పక్కపక్కనే. అమెరికాలో 1968లో టీవీకి అమ్మినప్పుడు దీనికి 'మాజిన్, మాన్‌స్టర్ ఆఫ్ టెర్రర్' అని పేరు తగిలించారు. ఇంగ్లీషులో ఒకే మాట దొరక్క దేవుణ్ణి వదిలేసి దయ్యాన్ని ఉంచుకున్నారు. ఆ పేరు చూసి వచ్చినవాడు మొదటి నిమిషం నుంచీ మాన్‌స్టర్ కోసం వాచీ చూసుకుంటాడు, రాకపోతే మోసపోయాననుకుంటాడు. మనకి ఆ ఇబ్బంది ఉండకూడదు. ఊరి పొలిమేరలో ఉండే అమ్మవారిని ఒకే నోటితో "తల్లీ" అనీ అంటాం, ఆమె కోపానికి భయపడి జాతరా చేస్తాం. కాపాడేదీ ఆమే, కన్నెర్ర చేస్తే ఊరు ఊడ్చిపెట్టేదీ ఆమే. ఈ సినిమాని అమెరికన్ల కంటే మనం బాగా చూడగలం. అయినా మనమూ వాళ్ళ కళ్ళద్దాలే పెట్టుకుని చూస్తున్నాం.

మొదటి సినిమా ఎలా మొదలవుతుందో చూడండి. భూమి అదురుతుంది. కొండలో బంధించి ఉన్న మాజిన్ బయటికి రావాలని చూస్తున్నాడని ఊళ్ళో వాళ్ళకి భయం. శాంతి చెయ్యడానికి జనమంతా పూజలకి చేరతారు. సరిగ్గా ఆ రాత్రే, అందరి చూపూ దేవుడి మీదున్న సమయంలో, సామనోసుకే అనే అధికారి తన దొరని చంపి కోట కాజేస్తాడు. జనం రాతిని చూసి భయపడుతూ ఉంటే మనిషి వెనకనుంచి వచ్చాడు. డైరెక్టర్ కిమియోషి యసుదా ఈ మాట ఎవరి నోటా చెప్పించడు, ఆ పూజనీ ఆ హత్యనీ ఒకదాని వెంట ఒకటి చూపిస్తాడంతే.

దొర పిల్లలిద్దర్నీ, తదఫుమినీ అతని చెల్లెలు కొజసానీ, నమ్మకస్తుడైన కొగెంతా కొండ మీదికి తీసుకుపోతాడు. అక్కడ విగ్రహం దగ్గర పూజలు చేసే షినోబు అనే పెద్దావిడ వాళ్ళని దాచిపెడుతుంది. పదేళ్ళు గడుస్తాయి. కింద ఊళ్ళో కోట పనికి జనాన్ని పశువుల్లా తోలి వెట్టి చేయిస్తుంటారు. పిల్లలు పెద్దవాళ్ళవుతారు. ఒకరి తర్వాత ఒకరు పట్టుబడతారు. "దేవుడి కోపం తగులుతుంది" అని చెప్పడానికి వెళ్ళిన షినోబుని సామనోసుకే చంపేస్తాడు. ఆ విగ్రహం ఉన్నంతకాలం జనానికి ఏదో ఒక ఆశ మిగిలే ఉంటుంది కాబట్టి దాన్నీ పగలగొట్టమని మనుషుల్ని పంపుతాడు.

వాళ్ళు నుదుటి మీద పెద్ద ఉలి పెట్టి సమ్మెటతో కొడతారు. ఉలి దిగుతుంది. రాతి నుదుటి నుంచి రక్తం కారుతుంది.

ఇక్కడికి గంట అవుతుంది. ఎనభైనాలుగు నిమిషాల సినిమాలో గంటసేపు ఆ రాయి రాయిలాగే నిలబడి ఉంటుంది. అభిమానుల ఫిర్యాదంతా ఇదే. దీన్నే నేను గొప్ప అంటున్నాను. మనం మాన్‌స్టర్ సినిమాకి వెళ్ళి ఏ పదో నిమిషంలోనో తోక కనిపిస్తే చాలు తృప్తిపడటానికి అలవాటుపడ్డాం. అక్కడ మనుషులు ఖాళీ నింపే సరుకు. ఈ సినిమాలో మనుషులు కష్టం పడుతున్న ప్రతి నిమిషమూ మనకి పక్కనే ఆ విగ్రహం తెలుస్తూ ఉంటుంది. అది చూస్తోందా, చూడట్లేదా? చూస్తే ఎందుకు ఊరుకుంది? షినోబు ఆయుష్షంతా దానికి దీపం పెట్టింది, ఆమెని చంపినప్పుడు కూడా అది కదల్లేదే? ఈ ప్రశ్నలు అడిగించడానికే ఆ గంట. దేవుడు పదో నిమిషంలో వచ్చేస్తే ఇక ప్రశ్న ఎక్కడుంది? కష్టంలో ఉన్న ఏ భక్తుడైనా అడిగే ప్రశ్నే అది. సమాధానం రాకుండా గడిచే సమయాన్ని మనచేత కూడా గడిపించాలంటే సినిమాకి వేరే దారి లేదు.

(కజుహిరో ససాకీ అనే జపనీస్ బేస్‌బాల్ ఆటగాడికి 'దైమాజిన్' అని ముద్దుపేరు. 2000 నుంచి కొన్నేళ్ళు అమెరికాలో సియాటిల్ జట్టుకి ఆడాడు. అతని పనేంటంటే ఆటంతా బెంచీ మీద కూర్చుని చివర్లో వచ్చి ముగించడం. సియాటిల్‌లో మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అప్పట్లో స్టేడియంకి వెళ్ళినవాళ్ళుంటే చూసే ఉంటారు. ఆలస్యంగా వచ్చాడని అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు.)

ఇక రబ్బరు బొమ్మ అనేవాళ్ళ సంగతి. ఇక్కడ నా ఇంజనీరింగ్ చదువు కాస్త పనికొస్తుంది. 1954 నాటి గాడ్జిల్లా ఎత్తు యాభై మీటర్లు అనుకున్నారు. సూట్ వేసుకున్న మనిషి రెండు మీటర్లుంటాడు. అంటే ఊరంతా ఇరవైఐదో వంతుకి కుదించి కట్టాలి. దైమాజిన్ ఎత్తు నాలుగున్నర మీటర్లే. మనిషి ఎత్తుకి రెండున్నర రెట్లు. కాబట్టి కోట గోడలు, పెంకులు, దూలాలు అన్నీ రెండున్నరో వంతు సైజులో కడితే చాలు. తేడా ఏంటంటే, చిన్న బొమ్మ పడితే చిన్న బొమ్మ పడ్డట్టే టక్కున పడుతుంది. దాన్ని పెద్ద భవనం పడ్డట్టు చూపించాలంటే కెమెరాని వేగంగా తిప్పి, మామూలు వేగంలో వెయ్యాలి. ఎంత వేగం అంటే ఆ కుదింపుకి వర్గమూలం అంత. ఇరవైఐదో వంతు అయితే ఐదు రెట్లు. రెండున్నరో వంతు అయితే ఒకటిన్నర రెట్లకి కాస్త పైన. అయితే ఎంత తిప్పినా నీళ్ళు, మంట, దుమ్ము మాత్రం మోసం చెయ్యనివ్వవు. నీటిబొట్టుని ఇరవైఐదో వంతుకి కుదించడం ఎవరి తరమూ కాదు. చిన్న సెట్ మీద కెరటం వస్తే అది బక్కెట్లో నీళ్ళని పిల్లాడు కూడా చెప్పేస్తాడు. దైమాజిన్ గోడ తన్నితే లేచే దుమ్ము మాత్రం దాదాపు అసలు గోడ దుమ్మే. పెంకులు పెంకుల్లాగే జారతాయి. ఇవాళ కంప్యూటర్‌లో కూలగొట్టే నగరాల్లో కూడా ఆ బరువు నాకు చాలాసార్లు దొరకదు.

దైఎయ్ వాళ్ళ క్యోటో స్టూడియో అంటే మామూలు స్టూడియో కాదు. 'రషోమొన్' అక్కడ తీసిందే, 'ఉగెత్సు' అక్కడ తీసిందే. పాత కోట తలుపు ఎలా ఉంటుందో, దాని గొళ్ళెం ఎలా ఉంటుందో చేతివేళ్ళకి తెలిసిన వడ్రంగులు, రంగులు వేసేవాళ్ళు ఉన్నచోటు. స్పెషల్ ఎఫెక్ట్స్ చూసింది యోషియుకి కురొదా, కెమెరా ఫుజియో మోరితా. సంగీతం మూడింటికీ అకిర ఇఫుకుబే, అంటే 1954 గాడ్జిల్లాకి చేసినాయనే. మూడు సినిమాల్లో మొదటిది యసుదా, రెండోది కెంజి మిసుమి, మూడోది కజువొ మోరి తీశారు. ముగ్గురూ జటోయిచి సినిమాలు తీసినవాళ్ళు, కత్తి సినిమాల్లో చెయ్యి తిరిగినవాళ్ళు. వీళ్ళు పిల్లల బొమ్మల సినిమా అని చులకనగా తీసి ఉంటే ఒక్క ఫ్రేములోనైనా తెలిసిపోవాలి. నాకు కనిపించలేదు. మీరు చూసి చెప్పండి.

ఎత్తు గురించి ఇంకొక్క మాట. నాలుగున్నర మీటర్లంటే మన ఊళ్ళో డాబా ఇంటి పిట్టగోడ మీదుగా తొంగిచూడగల ఎత్తు. గాడ్జిల్లాకి మీరు కనబడరు. అతని కాలికింద చచ్చినవాళ్ళు అతనికి తెలియకుండానే చస్తారు. దైమాజిన్‌కి మీరు కనబడతారు. వంగి చూస్తాడు. గుంపులోంచి ఒక్కణ్ణి ఎంచుకుని పట్టుకోగలడు. సూట్‌లో ఉన్నది రికి హషిమొతో అని, ఒకప్పటి ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాడు (బ్రూస్ లీ 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'లో సుజుకీ కూడా ఈయనే). ముసుగులోంచి కనిపించేవి ఆయన సొంత కళ్ళే. సెట్ నిండా దుమ్ము. అయినా రెప్ప వెయ్యడు. ఎర్రబడిన ఆ మనిషి కళ్ళు రాతి ముఖంలోంచి సూటిగా ఒకణ్ణి చూస్తుంటే, పాపం దొర కాబట్టి కాదు, అక్కడున్న ఎవరైనా పారిపోతారు.

అసలు ఆ ముఖం సంగతి చెప్పలేదు. కదలనప్పుడు విగ్రహానిది ప్రశాంతమైన ముఖం. జపాన్‌లో పాత రాజుల సమాధి దిబ్బల మీద హనివా అని మట్టిబొమ్మలు పెట్టేవారు, వాటి ముఖం లాంటిది. కళ్ళ దగ్గర ఊరికే చీలికలు. కోపం వచ్చినప్పుడు అది మోచేతిని ముఖానికి అడ్డంగా తెచ్చి పైకి జరుపుతుంది. చెయ్యి తప్పుకునేసరికి కింద పచ్చటి, పళ్ళు బిగించిన, కనుబొమలు ముడిచిన ముఖం. ఇంత చిన్న ట్రిక్కు. కంప్యూటర్లు లేవు, మార్ఫింగ్ లేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం అనేది సిగ్గుపడే మనిషి చేసే పని, ఏడ్చే మనిషి చేసే పని. దేవుడు కోపం తెచ్చుకునే ముందు కూడా అదే చేస్తాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి కారణం నిజానికి ఆఫీసులో వాదన కాదు, మా నాన్న.

ఆర్రో వీడియో వాళ్ళు 2021లో మూడింటినీ కలిపి బ్లూ రే వేశారు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మొదటిది పెట్టుకున్నాను. నాన్న భోజనం చేసి వచ్చి వక్కపొడి నములుతూ కూర్చున్నారు. సబ్‌టైటిల్స్ చదవరు. కథ నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. జానపద సినిమాలు చూసి పెరిగిన మనిషి, దొర ఎవడో, రాకుమారి ఎవరో రెండు నిమిషాల్లో పోల్చుకున్నారు. ఉలి దిగి రక్తం కారినప్పుడు కాళ్ళు పైకి పెట్టుకుని సర్దుకు కూర్చున్నారు. కొజసా జలపాతం పక్కన దేవుడి ముందు ఏడ్చి, నా ప్రాణం తీసుకో, వాళ్ళని కాపాడు అని మొక్కుతుంది. దేవుడు లేస్తాడు. కోట మీదికి వస్తాడు. గోడలు పోతాయి, సైన్యం పోతుంది. సామనోసుకే పరిగెత్తీ పరిగెత్తీ దొరికిపోతాడు. దైమాజిన్ తన నుదుట్లో దిగి ఉన్న ఉలిని ఊడబీకి, దానితోనే వాణ్ణి గుంజకి గుచ్చేస్తాడు. నాన్న "అద్గదీ" అన్నారు. లేవడానికి చెప్పులు వెతుక్కుంటున్నారు. సినిమా అయిపోయిందనుకున్నారు.

అవలేదు. దేవుడు వెనక్కి తిరిగి ఊరివైపు నడుస్తాడు. ఇళ్ళు కూలగొడతాడు. ఇప్పుడు పారిపోతున్నది వెట్టిచాకిరీ చేసిన జనమే, ఇందాక అతనికి మొక్కినవాళ్ళే.

"ఏరా, వాడు చచ్చాడుగా. ఇంకా ఆగడేంటి?" అన్నారు నాన్న.

ఈ ఒక్క ప్రశ్న దగ్గరికి మనల్ని తీసుకురావడానికే సినిమా తీశారని నా నమ్మకం. మన సినిమాల్లో ఈ ప్రశ్న పుట్టదు. మా తరం వాళ్ళు చిన్నప్పుడు 'అమ్మోరు' చూసి వణికిపోయి ఉంటారు. 1995లో ఆ క్లైమాక్సుకి థియేటర్లో పూనకాలు వచ్చాయని చెప్పుకునేవాళ్ళు. నాకూ ఇష్టమైన సినిమానే. కానీ అందులో అమ్మవారి కోపం గురి తప్పదు. చెడ్డవాడికి తగులుతుంది, భక్తురాలికి తగలదు. ఆ తర్వాత మన హీరోలు ఆ అమ్మవారి ఉద్యోగం తీసుకున్నారు. ఒక్కడే రెండొందలమందిని నరుకుతాడు, ఒక్క అమాయకుడికి గీత కూడా పడదు. ఆ కోపానికి కళ్ళున్నాయని, లెక్కలు తెలుసని మనకి నూరిపోశారు. ధర్మం తరఫున వచ్చిన కోపమైతే అది ఎంత పెద్దదైనా పర్వాలేదు అని ఎన్ని ఇంటర్వెల్ బ్యాంగులు చెప్పలేదు! ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

దైమాజిన్ ఆ మాట ఒప్పుకోదు. కోపం న్యాయమైనదే. పిలిచినవాళ్ళు మంచివాళ్ళే. చచ్చినవాడు చావవలసినవాడే. అయినా ఒకసారి లేచిన రాయికి ఎక్కడ ఆగాలో తెలియదు. నేను ఒకసారి పాత ఫైళ్ళు తుడిచెయ్యడానికి ఒక స్క్రిప్టు రాశాను. ఆగే షరతు సరిగ్గా రాయలేదు. పాతవి అయిపోయాక అది కొత్తవాటి మీద పడింది. దానికి కసి లేదు, పాపం చెప్పింది చేస్తూ పోయిందంతే. పోలిక చిన్నదే గానీ, దేవుడు ఊరివైపు తిరిగినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. ఆ రాత్రి నాకు పట్టిన చెమటే కొజసా ముఖం మీద కనిపించింది.

నిజానికి మన పాత కథలకి ఇది తెలుసు. స్తంభంలోంచి వచ్చిన నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చీల్చేశాక శాంతించాడా? లేదు. దేవతలు దగ్గరికి రావడానికి భయపడ్డారు. చివరికి ప్రహ్లాదుడనే పసివాడు వెళ్ళి మొక్కాల్సొచ్చింది. సింహాచలంలో స్వామికి ఏడాది పొడుగునా చందనం పూసి ఉంచుతారు, వైశాఖంలో ఒక్కరోజే నిజరూపం. ఆ ఉగ్రం చల్లారడానికే అని పెద్దవాళ్ళు చెబుతారు. నాన్నకి ఆ పోలిక నేను చెప్పలేదు. కొజసా పరిగెత్తుకెళ్ళి ఆ రాతి పాదం మీద పడి ఏడ్చి, ఆ కన్నీళ్ళు దాని మీద పడ్డాక దైమాజిన్ ఆగి, మళ్ళీ చెయ్యి అడ్డం తెచ్చుకుని, ప్రశాంతమైన ముఖం పెట్టుకుని, మట్టిగా రాలిపోయినప్పుడు, ఆయనే "మన నరసింహస్వామి లాగే" అన్నారు.

ఇక్కడే ఆ రెండు వర్గాల తప్పు ఒకటే అన్నాను కదా, అది చెప్పాలి. కైజు సినిమా అంటే అణుబాంబుకి ప్రతీక అని మనకి ఒక గైడు పుస్తకం అందింది. గాడ్జిల్లా అంటే హిరోషిమా, రాసుకోండి, పది మార్కులు. 1954 సినిమాకి అది నిజమే, ఆ బాధ నిజమే. కానీ ఆ గైడుతో దైమాజిన్ దగ్గరికి వస్తే పేజీ ఖాళీగా కనిపిస్తుంది. కత్తుల కాలంలో అణుబాంబు ఎక్కడిది? ప్రతీక దొరకలేదు కాబట్టి విషయం లేదు అని తేల్చేస్తారు ఒకరు. రాక్షసుడున్నాడు కాబట్టి చరిత్ర కాదు అని తేల్చేస్తారు ఇంకొకరు. ఇద్దరూ సినిమా ఏదో ఒకదానికి గుర్తుగా ఉండాలనుకుంటున్నారు, తెర మీద జరుగుతున్నది చూడటం లేదు. గాడ్జిల్లాని ఎవరూ పిలవలేదు. ఎక్కడో ఎవరో బాంబు పేల్చారు, అది లేచింది, టోక్యో జనం బాధితులు. ఆ అమర్చుకోవడంలో ఒక ఓదార్పు ఉంది. దైమాజిన్‌ని మాత్రం బాధితులే పిలిచారు. చేతులు జోడించి, ఏడ్చి, ప్రాణాలు ఒడ్డి పిలిచారు. వచ్చినదాన్ని ఆపే పూచీ కూడా వాళ్ళ మీదే పడింది. ఇది ఏ బాంబు ప్రతీక కంటే తక్కువ విషయం కాదు. యూదుల ఇతిహాసంలో గోలెం అనే మట్టిమనిషి కథ ఉంది, దాని మీద 1936లో ఫ్రెంచి దర్శకుడు దువివియే తీసిన సినిమా దీనికి ప్రేరణ అంటారు. అక్కడా నలిగినవాళ్ళు లేపిన బొమ్మే.

మూడూ ఒకే స్థాయిలో ఉన్నాయని అబద్ధం చెప్పను. రెండోదాంట్లో విగ్రహాన్ని మందుగుండుతో పేల్చేస్తారు, ముక్కలు సరస్సులో పడతాయి. దొరకూతురు సయురిని (షిహో ఫుజిమురా, ఆమె ముఖం కోసమైనా చూడాలి) కాల్చి చంపబోతుంటే సరస్సు రెండుగా చీలి దేవుడు బయటికి వస్తాడు. 'టెన్ కమాండ్‌మెంట్స్' చూసి నేర్చుకున్న దృశ్యం అని తెలిసిపోతూనే ఉంటుంది, అయినా నోరు తెరుచుకుంటుంది. మిసుమి తీసిన ఫ్రేములు మూడింట్లోకీ అందమైనవి. కథ మాత్రం మొదటిదానికి జిరాక్స్. దొర చచ్చాక దేవుడు ఊరి మీద పడే భయం ఇందులో బాగా పల్చబడింది. నా దృష్టిలో అది పెద్ద నష్టం. గురి తప్పని దేవుడి వైపు ఒక అడుగు అది.

మూడోదాన్ని అందరూ పిల్లల సినిమా అని పక్కన పెడతారు. నాకు దాని మీద జాలి కాదు, గౌరవం ఉంది. గంధకం తీసి తుపాకిమందు చెయ్యడానికి ఒక దొర కట్టెలు కొట్టేవాళ్ళని ఎత్తుకుపోతాడు. నలుగురు పిల్లలు తమ తండ్రుల్నీ అన్నల్నీ వెతుక్కుంటూ, పెద్దవాళ్ళే అడుగు పెట్టని కొండ దాటి వెళతారు. మధ్యలో నడక సాగుతుంది, ఒప్పుకుంటాను. కానీ నలుగురూ తిరిగి రారు. ఒకణ్ణి నది మింగేస్తుంది. పిల్లల సినిమాలో అది చూపించడానికి ధైర్యం కావాలి. చివర్లో మంచు కురుస్తుంటే సురుకిచి అనే పిల్లాడు, మిగతా ఇద్దర్నీ బతికించమని మొక్కి, కొండ అంచు నుంచి దూకేస్తాడు. ఆ మంచులో లేచిన దైమాజిన్ మొట్టమొదటిసారి కత్తి దూస్తాడు. రెండు సినిమాలుగా నడుముకి వేలాడుతున్న కత్తి అది. అంతవరకూ దాన్ని ముట్టుకోలేదన్న సంగతి అప్పుడు మనకి తడుతుంది.

పాతకాలంలో పెట్టిన ఇలాంటివి ఈ మూడే కాదు. 1962లో ఇదే దైఎయ్ తీసిన 'కుజిరగామి' ఉంది. తాతనీ తండ్రినీ అన్ననీ చంపిన తిమింగలం మీద పగబట్టిన తిమింగలాల వేటగాళ్ళ ఊరి కథ, నలుపు తెలుపులో, స్క్రీన్‌ప్లే కనెతొ షిందో. అందులో తిమింగలం కంటే పగే పెద్ద కైజు. 1966 డిసెంబరులోనే తోఎయ్ వాళ్ళది 'కైర్యూ దైకెస్సెన్' వచ్చింది. అందులో జిరాయా పెద్ద కప్ప అవుతాడు, ఒరొచిమారు డ్రాగన్ అవుతాడు, సునాదె అనే అమ్మాయి కూడా ఉంది. 'నరుతో' చూసే మా కజిన్ ఈ పేర్లు వినగానే ఎగిరి గంతేశాడు. ఇవి జపాన్ పాత జానపద కథలోని పేర్లు, కార్టూన్ వాళ్ళు అక్కణ్ణించే తెచ్చుకున్నారు. మన విఠలాచార్యని ఇష్టపడేవాళ్ళకి ఆ సినిమా పండగే. దాని మీద నాకు ఇంతకంటే పెద్ద వాదన ఏమీ లేదు, సరదాగా ఉంటుంది, అంతే.

దైఎయ్ 1971లో దివాలా తీసింది. 2010లో టీవీలో 'దైమాజిన్ కానొన్' అని సీరియల్‌గా ఆ పేరు మళ్ళీ వచ్చింది గానీ అది ఇప్పటి టోక్యోలో జరిగే వేరే కథ. ఫ్రాంచైజీగా చూస్తే దైమాజిన్ ఓడిపోయాడు. గాడ్జిల్లాకి డెబ్బై ఏళ్ళ వారసత్వం, బొమ్మలు, హాలీవుడ్. ఇతనికి ఒక్క సంవత్సరం. 1966 ఏప్రిల్‌లో మొదటి సినిమాని కూడా ఒంటరిగా పంపలేదు, 'గమెరా వర్సెస్ బరుగొన్'తో కలిపి ఒకే టికెట్ మీద వేశారు. ఎగిరే తాబేలు చూడటానికి వెళ్ళిన పిల్లలు ఆ రోజు నుదుటి మీద ఉలి కూడా చూసి ఇంటికి వెళ్ళారన్నమాట.

చూడాలనుకుంటే మొదటిదానితోనే మొదలుపెట్టండి. ఆ తర్వాత ఓపికుంటే మూడోది, ఆపైన రెండోది. యూట్యూబ్‌లో చివరి ఇరవై నిమిషాల ముక్కలు దొరుకుతాయి, దయచేసి వాటితో సరిపెట్టుకోకండి. ఆఫీసులో "ఎవరికీ తట్టలేదు" అన్న మిత్రుడికి డిస్క్ ఇచ్చాను. వారం తర్వాత తిరిగి ఇస్తూ "బాగుంది గానీ కొంచెం ఫార్వర్డ్ చేశాను" అన్నాడు. ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడిగాను. మొదటి గంట అన్నాడు. డిస్క్ మళ్ళీ అతని చేతిలోనే పెట్టాను.